మూలకు పెట్టిన రసమట్టం

దుర్గయ్య సగం గడ్డం గీసుకోని ఇంకో సగానికి సబ్బు రుద్దుకుంటున్నడు, అప్పుడొచ్చిండు యాదయ్య. కామాటిపుర పదకొండో గల్లిల, ఒక్కొక్క అర్రల ఒక్కొక్క సంసారముండే ఆ పాత చాలికి కర్ర మెట్లు, ఎవరెక్కినా మనిషి కన్న ముందు చప్పుడొస్తది. చప్పుడొచ్చింది గాని దుర్గయ్య పాలోడే అనుకున్నడు. తీరా చూస్తె గడపల యాదయ్య. భుజానికి సంచి, సంచి పట్టీకి విమానమోళ్లు కట్టిన కాగితం ఇంకా ఏలాడుతనే ఉంది.

"కాకా" అన్నడు నవ్వుకుంట.

దుర్గయ్యకు గుండె జల్లుమన్నది, సంతోషంతోటి కాదు. రెండేండ్లకని దుబాయి పోయిన మనిషి, ఏడాదన్న నిండకముందె వచ్చి గడపల నిలబడితె ఏమనుకోవాలె? అడగకముందె సంగతి సమజైంది. ఈ దినం రావొద్దు రావొద్దని లోపల లోపల మొక్కుకుంటనే ఉండె ఇన్నాళ్లు. వచ్చింది.

దుర్గయ్య పెండ్లాం రత్నాబాయి రొట్టె పిండి చేతులతోనే బయటికొచ్చి, నాయనా ఎప్పుడొస్తివి, సుట్టీ ఇచ్చిన్రా అని అడిగింది. ఇచ్చిన్రు చిన్నమ్మా అన్నడు యాదయ్య. ఆమె వాని మొకం చూసింది, వాని సంచి చూసింది. దుబాయి నుంచి సుట్టీ మీద వచ్చేటోడు ఒక్క భుజం సంచితోటి వస్తడా? ఆ మాట నోట్లెకెల్లి రానియ్యలే. పొయ్యి మీద చాయ పెట్టింది.

యాదయ్య తాత, దుర్గయ్య నాయన ఒక్క ఊరోళ్లు, పాలమూరు దిక్కు. దుర్గయ్య పుట్టింది పెరిగింది ఈ చాలిలనే అయినా, ఊరోళ్లు ఎవరు బొంబాయిల దిగినా ముందుగాల వాని ఒక్క అర్ర ఖోలీకే వస్తరు. పండనీకి జాగ, తిననీకి రొట్టె, పని దొరికేదాంక ఒక పెద్దదిక్కు. యాదయ్య గుడ మొదటిసారి గట్లనే వచ్చిండు.

చాయ గిలాసలు పట్టుకోని ఇద్దరు గ్యాలరీలకొచ్చిన్రు. గ్యాలరీ పడిపోకుండ కిందికెల్లి కర్రలు టేకా పెట్టి ఎన్నేండ్లాయెనో. యాదయ్య గోడకానుకోని, కింద గల్లిల పోతున్న చేతిబండ్లను చూసుకుంట చెప్పిండు. ఆడ దిగినంక ఏదో పెద్ద సేటు బంగ్లకు తీస్కపోయిన్రంట. ఒక అర్ర చూపెట్టి టైల్సు వెయ్యమన్నరంట. పొద్దంత నడుమెత్తకుండ వేసిండంట. మాపటికి సూపర్వైజర్ వచ్చి రసమట్టం పెట్టి ఎత్తుపల్లాలు చూసి, ఏం మాట్లాడకుండ, బూటు కాలితోటి ఒక్కొక్క టైలు తన్ని లేపిండంట. తెల్లారి ఇంకో అర్ర, అదీ అంతే. ఆ తెల్లారి చేతిలకెల్లి తాపీ గుంజుకోని సిమెంటు బస్తాలు మొయ్యమన్నరంట. జీతం గుడ బస్తాలు మోసేటోని జీతమే. రేకుల అర్రల మంచాల మీద మంచాలు. మనం వీడియోలల్ల చూసే ఆ అద్దాల బిల్డింగులు, ఆ సముద్రం, అన్నీ బస్సు కిటికీలకెల్లి చూసుడే కాకా, అది గుడ నిద్ర కండ్లతోటి, అన్నడు. అన్నీ నవ్వుకుంటనే చెప్పిండు, ఎవరికో జరిగిన సంగతి చెప్పినట్టు. ఆఖరుకు, పని లేదు పో అని టికెట్ చేతిల పెట్టిన్రంట.

"ఆ సూపర్వైజర్ అడిగిండు కాకా, నిన్నెవడు పాస్ చేసిండు రా అని. నేనేం చెప్పలే."

దుర్గయ్య చాయ గిలాస కింద పెట్టిండు.

ఎవడు పాస్ చేసిండంటె ఏం చెప్పాలె? బోరివలి దిక్కు ఒక షెడ్డు ఉంటది. గల్ఫు పోయేటోళ్లకు ఆడ పని టెస్టు పెడ్తరు. దుర్గయ్యది ఆడ నౌకరి. సిమెంటు ఇసుక మాలు కలిపి, ఒక్కొక్కనికి ఇంత జాగ గీసిచ్చి, టైల్సు లెక్కకు పెట్టుడు. వాళ్లు వేసినంక టెస్టు తీసుకునే సాహెబొచ్చి రసమట్టం పెట్టి చూస్తడు, పాసో ఫెయిలో రాస్కపోతడు. పోయినంక ఆ టైల్సన్నీ దుర్గయ్యే పీకాలె, కడగాలె, రేపటోళ్లకు మళ్ల పేర్చాలె. మాల్ల సిమెంటు తక్కువ, రేపటికి పీకెయ్యనీకి అల్కగ ఉండాలె గద. ముత్తాతల కాలం సంది రాయి మీద రాయి పెట్టి ఈ పట్నం కట్టినోళ్ల ఇంట్ల పుట్టి, పొద్దుగాల వేసింది మాపటికి పీకే పని చేస్తున్నడు దుర్గయ్య. రోషముండేది మొదట్ల. ఇప్పుడు కడుపు నిండితె చాలు.

యాదయ్య టెస్టు నాడు, ఆ పోరడు చేతులు కడుక్కోనీకి నళ్ల కాడికి పోయిండు. మూలన టైలు జర లేసి ఉంది. ఇంకోటి డొల్ల పలుకుతుంది. దుర్గయ్య అటిటు చూసి, వంగి, రబ్బరు సుత్తితోటి తట్టిండు. డొల్లదాన్ని లేపి ఇంత మాలేసి మళ్ల దించిండు. ఎంతసేపు? కండ్లు మూసి తెరిచినంత. తప్పు చేస్తున్ననన్న ఆలోచనే రాలే వానికి. జట్టుల పని చేసినోళ్లకు అది తప్పే కాదు. కొత్తోడు గోడ వంకర కడితె గుత్తెదారు రాకముందె పెద్ద మేస్త్రి పోయి ఒక చెయ్యేస్తడు. జట్టు మాట పోవద్దు, కొత్తోని కూలి పోవద్దు. దుర్గయ్యకు గుడ చిన్నగున్నప్పుడు అట్ల ఎందరో చెయ్యేసిన్రు. వేసినంక ఆ సంగతి ఎవరూ ఎత్తరు. మర్యాద అది.

"ఊరికి పోలేదా రా?" అని అడిగిండు ఇప్పుడు.

"ఏ మొకం పెట్టుకోని పోవాలె? నా పెండ్లాం యాదమ్మ నేనింకా ఆన్నే ఉన్ననని అనుకుంటుంది." మళ్ల గల్లి దిక్కు తిరిగిండు. "దోహకు ఇంకో వీసా ఉందంట కాకా. శుక్రారం మీ షెడ్డులనే టెస్టు. నువ్వుంటె చాలు."

*

నువ్వుంటె చాలు అన్న మాట దుర్గయ్యను కుట్టింది. ఈసారి అట్ల కాదు, నేర్పిస్త వీనికి, అనుకున్నడు. నేర్పిస్తె పాపం పోతదేమో అన్న ఆశ.

షెడ్డుల పలిగిన టైల్సు మోసుకొచ్చి, చాలి కింద నళ్ల పక్కన ఉన్న జాగల తడి ఇసుక పరిచిండు. రోజూ డ్యూటీ దిగంగనే ఇద్దరు ఆడ కూసుండేది. నీళ్లకొచ్చిన ఆడోళ్లు బిందెలు అడ్డం జరుపుకుంట, పెద్దమనిషీ మా ఖోలీల గుడ ఎయ్యిరాదు అని పరాచికాలాడేది. దుర్గయ్య తలెత్తకుండ చెప్పేది. టైలు వదలొద్దు రా, దించాలె. ముందు అరచెయ్యి, ఎనక సుత్తి. చెవి పెట్టు. డొల్ల చప్పుడు, నిండు చప్పుడు వేరేగ ఉంటయ్. చూపు చేతిల ఉన్న టైలు మీద కాదు, ఎనక వరుస మీద ఉండాలె.

యాదయ్య అన్నింటికి తల ఊపేది. ఊపి, చేతిల ఉన్న టైలునే చూసేది. వాడు మాలు కలిపితె మాత్రం చూడాలె. ఇసుకల ఒక్క గడ్డ ఉండదు, నీళ్లు ఒక్క బొట్టు ఎక్కువ కావు. ఎవరికి ఎప్పుడు ఏం కావాల్నో అడగకముందె చేతికందిస్తడు. అసువంటోడు పక్కన ఉంటె మేస్త్రి రాజే. గాని తాపీ పట్టంగనే ఏమైతదో, చెయ్యి బిగుసుకపోతది. కొందరి చెయ్యి అంతే. దుర్గయ్య వాని మణికట్టు పట్టుకోని, పలకమీద అక్షరం దిద్దించినట్టు దిద్దించిండు. పట్టుకున్నంతసేపు బాగనే కూసునేది టైలు. వదిలెయ్యంగనే ఒక మూల లేసేది.

చెప్పాలె వీనికి, అని రోజూ అనుకునేది. అప్పుడు పాసైంది నువ్వు కాదు రా, నేను. అంతే, ఒక్క మాట. నోటిదాంక వచ్చేది, నీళ్లు నమిలేది. వీని దగ్గర మిగిలింది ఆ పాసొక్కటే, అది గుడ గుంజుకుంటె ఎట్ల అని తనకు తాను చెప్పుకునేది. అది సగమే నిజం. మిగతా సగం, ఊర్ల తన పేరు. దుర్గయ్య చెయ్యేసి పంపిండంట, పోయి అన్యాలమైండంట అని నలుగురు అంటరు. దానికి గుడ భయపడ్డడు. ఆ భయం తనకు ఎరికే, అందుకే ఇంకా సిగ్గైంది.

గురువారం మాపటికి ఇగ ఓపలేక రత్నాబాయికి చెప్పిండు. యాదయ్య కింద తానం చేస్తున్నడు. ఆమె రొట్టె తట్టుకుంట అంత విన్నది. తట్టిన రొట్టెను పెనం మీదేసి, నీళ్లు అద్ది, తిప్పి, అప్పుడు అన్నది.

"మరి నోట్లె ఏం పెట్టుకున్నవ్? చెప్పు వానికి."

"నువ్వు మేస్త్రివి కాదు రా, నేనే చేసిన నిన్ను మేస్త్రిని, అని చెప్పాల్నా?"

"అవ్. గట్లనే చెప్పు. చెప్పే దమ్ము లేకుంటె రేపన్న చెయ్యి కట్టుకోని కూసో. ఆ పిల్ల యాదమ్మ ఉసురు నాకొద్దు."

దుర్గయ్య సరే అన్నడు. చెయ్యి పెట్టను అన్నడు. చెప్తనని మాత్రం అనలే.

*

శుక్రారం గ్రాంట్ రోడ్ టేషన్ల ఇద్దరు ఒక్కటే లోకల్ ఎక్కిన్రు. షెడ్డుల ఆరోజు టెస్టుకు చానమందే వచ్చిన్రు, బీహారోళ్లు, బెంగాలోళ్లు. దుర్గయ్య అందరికి మాలు పోసి, జాగ గీసి, టైల్సు పెట్టిండు. యాదయ్యకు గుడ అందరితోపాటే. ఒక్క ఇసుక రేణువు ఎక్కువ తక్కువ కానియ్యలే.

యాదయ్య దారం కట్టి మొదలువెట్టిండు. మొదటి వరుస మంచిగొచ్చింది. రెండో వరుసల చూపు ఎనక్కు పెట్టిండు, చెప్పినట్టే. దుర్గయ్య దూరంకెల్లి చూసుకుంట, శెభాష్ రా కొడకా అనుకున్నడు, కండ్లు తడి అయినయ్. ఈ ఒక్క పూట వాని చెయ్యి వానికి ఆసరైతె, తను చేసిన పాపం కడుక్కపోతది. వానికి చెప్పే పని గుడ ఉండదు. ఎంత ఆశపడ్డడో!

ఆఖరు వరుసల ఆగింది. టైము అయితుందని తొందరపడ్డడు యాదయ్య. మూల టైలు దించలే, వదిలిండు. సుత్తితోటి కొట్టిండు, ఇంకో మూల లేసింది. మళ్ల కొట్టిండు. ఆగి చూసిండు. తాపీ పక్కన పెట్టి, లేసి, చేతులు కడుక్కోనీకి నళ్ల కాడికి పోయిండు.

పోయినోడు రాలే. నళ్ల ఇడిచి, ఇటు దిక్కు ఈపు పెట్టి, చేతులు కడుగుతనే ఉన్నడు. మోచేతులదాంక కడిగిండు. మొకం కడిగిండు. మళ్ల చేతులు కడిగిండు. మిగిలినోళ్లు ఎవరి టైల్సు మీద వాళ్లు వంగి ఉన్నరు. సాహెబు ఇంకా రాలే. కడిగిన చేతులనే మళ్ల మళ్ల కడుగుతున్న ఆ మనిషిని చూస్తుంటె దుర్గయ్యకు సంగతి సమజైంది. నేను చెయ్యి పెట్టనీకి జాగ ఇస్తున్నడు వీడు. పోయినసారి నేను చెయ్యేసిన సంగతి వీనికి అప్పుడు గుడ ఎరికే.

మూల కాడికి పోయి గొంతుకూసున్నడు. టైలు మీద అరచెయ్యి పెట్టిండు. ఒక్క దెబ్బ చాలు, ఆ సంగతి చేతికి తెలిసిపోతనే ఉంది. సుత్తి పక్కనే ఉంది. రత్నాబాయికి ఇచ్చిన మాట గుడ యాదికి రాలే వానికి, యాదికొచ్చింది బూటు కాలు. చెయ్యి తీసుకోని లేసి, మాలు కుప్ప కాడికి పోయి నిలబడ్డడు.

సాహెబొచ్చిండు. చెవి కాడ ఫోను. ఎవరితోనో మాట్లాడుకుంటనే ఒక్కొక్కరి జాగ మీదికెల్లి చూపు తిప్పుకుంట, కొందరికి రసమట్టం పెట్టుకుంట, కొందరికి పెట్టకుండ రాస్కుంట పోతున్నడు. యాదయ్య కాడికొచ్చిండు. మొదటి వరుస చూసిండు, బాగనే ఉంది. రసమట్టం చంకలనే ఉంది. పాస్ అని రాసెటట్టున్నడు. నళ్ల కాడికెల్లి వచ్చిన యాదయ్య తడి చేతులు ప్యాంటుకు తుడుసుకుంట నిలబడ్డడు. వాని మొకంల అప్పుడే ఎలుగు వస్తుంది.

"సాహెబ్, ఆ మూలకు ఒకసారి పెట్టి చూడున్రి."

ఆ మాట అన్నది దుర్గయ్య. హిందీల అన్నడు, మెల్లగనే అన్నడు. అన్నంక గాని తనే అన్నడని వానికే తెల్వలే. ఇన్నేండ్ల నౌకరిల ఒక్కనాడు ఆ షెడ్డుల నోరిప్పినోడు కాదు. సాహెబు ఫోను పక్కకు పెట్టి, చిరాకుగ చూసి, వంగి రసమట్టం పెట్టిండు. గాజుల ఉన్న బుడగ ఒక కొసకు ఉరికింది. ఫెయిల్ అని రాసిండు. రాసి, మాలు కలిపేటోనికి ఇవన్నీ ఎందుకని దుర్గయ్యను ఒక మాటని ముందుకు పోయిండు.

యాదయ్య దుర్గయ్య దిక్కు చూడలే. కూసోని తాపీ కడిగిండు. పాసైనోళ్లు చాయకు పోయిన్రు. షెడ్డు ఖాళీ అయినంక దుర్గయ్య టైల్సు పీకుతుంటె, వాడొచ్చి పక్కన కూసున్నడు. ఒక్కొక్కటి అందుకోని, ఎనక మాలు గీకి, కడిగి, పేర్చిండు. అందరియి అయినంక తనయి గుడ.

*

మర్లొచ్చే లోకల్ల జనం లేరు. కిటికీ కాడ ఎదురెదురు కూసున్నరు. ముందుగాల దుర్గయ్యే అన్నడు.

"నీ మంచికే అన్న రా. మళ్ల ఆడికి పోయి..."

"ఎరుక కాకా." యాదయ్య కిటికీలకెల్లి చూసుకుంట అన్నడు. "అప్పుడు గుడ ఎరికే. చేతులు కడుక్కోని వచ్చేసరికి మూల కూసుంది. నా చెయ్యి నాకు తెల్వదా?"

"తెలిసి ఎట్ల పోయినవ్ రా?"

బండి ఒక టేషన్ల ఆగింది, కదిలింది.

"ఆడ గుడ ఒక దుర్గయ్య కాక ఉంటడనుకున్న. మనోళ్లు పని చేసే జాగ గద, ఎవరో ఒకరు చెయ్యేస్తరు, మెల్లగ నేర్సుకుంట అనుకున్న. ఉన్నరు కాకా మనోళ్లు. కరీంనగరోళ్లున్నరు, నిజామాబాదోళ్లున్నరు. నా పక్క అర్రలనే వేస్తున్నరు. నా టైల్సు లేస్తున్నయని వాళ్లకు కనబడ్తనే ఉంది. ఒక్కడు చెయ్యి పెట్టలే. ఎవని అర్ర వానిదే ఆడ." అని, ఎప్పటి తీరే నవ్విండు. "దుబాయిల నాకు అన్నిట్ల కన్న కొత్తగ అనిపించింది అదే."

దుర్గయ్య లోపల లోపల లెక్క చూసుకున్నడు. అప్పుడు చెయ్యి పెట్టి తప్పు చేసిండు. ఇయ్యాల తప్పు దిద్దుకుందామని చెయ్యి ఆపిండు, ఆపినోడు అంతటితోటి ఊకోలే, నోరిప్పిండు. ఆ పక్క అర్రలోళ్లు గుడ నోరన్న ఇప్పలే గద. ఆ లెక్కన చూస్తె బూటు కాలితోటి తన్నింది తనే. మంచికే అన్న అని ఇంకోసారి చెప్పుకుందామని చూసిండు. ఈసారి ఆ మాట నిలబడలే.

గ్రాంట్ రోడ్ల దిగి నడిసిన్రు. చాలి మెట్లెక్కుతుంటె చప్పుడు విని రత్నాబాయి గడపలకొచ్చింది. ఇద్దరి మొకాలు చూసింది.

"ఏమాయె?"

దుర్గయ్య నోరు తెరిసిండు. యాదయ్య చెప్పులిడుసుకుంట ముందే అందుకున్నడు.

"నాదే, చిన్నమ్మా. ఆఖరు వరుసల తొందరపడ్డ. ఆ సాహెబు గుడ శానా గట్టోడు, ఒక్కొక్క మూలకు పెట్టి చూసిండు. కాక ఏం జేస్తడు, దూరంగ మాలు కలుపుతుండె." సంచి మూలకు పెట్టి, కడవలకెల్లి నీళ్లు ముంచి ముందుగాల దుర్గయ్యకే ఇచ్చిండు. "సోమారం ధారావి పోత. అన్న వరసోళ్ల జట్టు ఉంది ఆడ. మాలు కలిపే పనే. యాదమ్మకు ఈ దినం ఫోన్ చేసి చెప్త, బొంబాయిలనే ఉన్ననని."

రత్నాబాయి మొగని దిక్కు తిరిగింది. గొంతు తగ్గించి అడిగింది.

"నువ్వు చెయ్యి పెట్టలే గద?"

"పెట్టలే" అన్నడు దుర్గయ్య.

"మంచి పని చేసినవ్" అన్నది ఆమె, భుజం మీద మెల్లగ చెయ్యేసి. ఎన్నేండ్లాయెనో ఆమె మొగన్ని అట్ల మెచ్చుకోక.

యాదయ్య అప్పటికె తినే తలెలు పరుస్తున్నడు. కాకకు ముందు పెట్టు చిన్నమ్మా, పొద్దటి సంది ఏం తినలే అన్నడు. ఆ మాటల ఎత్తిపొడుపన్న ఉందేమో అని వాని మొకంల వెతికిండు దుర్గయ్య. ఉంటె బాగుండు అనిపించింది. లేదు. రత్నాబాయి రెండు జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు వడ్డించింది. నేనే చెప్పిన సాహెబుకు, అనాలె ఇప్పుడు. ఆమె ఎదురుంగనే ఉంది, వాడు పక్కనే ఉన్నడు. దుర్గయ్య రొట్టె తుంచి, పప్పుల అద్దుకోని, తలొంచుకోని తిన్నడు.